యానాము రేవు



ఏటికి రెండు గట్లుండుట సహజము. ఈ గట్టున నొక ప్రభుత్వము, ఆ గట్టున మరియొక ప్రభుత్వము నుండుట మాత్రము మనుష్యులు చేసికొన్న యేర్పాటు. అట్టి యేర్పాటు మన తెలుగునేలమీదనే, గోదావరి యొడ్డుననే, రెండు వందల యేండ్లకు పైగా నుండెను. యానామను చిన్న పట్టణము ఫ్రెంచివారిది. దాని కెదుటి గట్టున నున్న యెదుర్లంక యింగ్లీషువారిది. నడుమ గౌతమి. పడవ యెక్కి దిగిన మాత్రమున మనిషి పరరాజ్యములో నుండెడివాడు. ఆ రేవును గూర్చియు, ఆ రేవు దాటి మన పెద్దలు కొందరు చేసిన యొక పనిని గూర్చియు నేడు మీతో ముచ్చటింపదలచినాను. ఆ పని మన గ్రామములలో నేటికిని పూర్తిగా ముగియలేదు గనుక దీనిని వట్టి పాతకథగా నెంచవలదని మనవి.

రేపల్లె తాలూకాలో, కృష్ణ యొడ్డున పుట్టి పెరిగిన నాకు గోదావరి రేవు సంగతి యెందులకని మీరడుగవచ్చును. తెనాలి, రేపల్లె ప్రాంతముల వారికి ఏరు దాటుట క్రొత్త గాదు. పెనుమూడి రేవున పడవ యెక్కి పులిగడ్డలో దిగి, దివిసీమకు వియ్యములకును వ్యవసాయపు పనులకును మనవారు తరతరములుగా పోవుచు వచ్చిరి. ఇప్పుడచ్చట వంతెన యున్నది. ఈ గట్టు 2022 ఏప్రిల్ నెలలో నేర్పడిన బాపట్ల జిల్లాలోనిది, ఆ గట్టు కృష్ణా జిల్లాలోనిది. దాటినవానికి కలెక్టరు మారునే గాని చట్టము మారదు. అయినను పరదేశీయుల యెల్లలు మనకు తెలియనివి గావు. మన నిజాంపట్నమును పూర్వము పాశ్చాత్యులు పెట్టపోలి యనుచుండిరి. డచ్చివారు 1606లో అచ్చట వర్తకపు కొట్టు పెట్టిరి. 1611లో ఇంగ్లీషువారి యోడ వచ్చి యదే తీరమున లంగరు దించెను. కృష్ణ కావల బందరులో ఫ్రెంచిపేట యను చిన్న స్థలము 1947 అక్టోబరు వరకు ఫ్రెంచివారి హక్కులోనే యుండెను. ఇట్లు సముద్రతీరమున పరరాజ్యపు తునుకలు చాలనుండెడివి. వానిలో పట్టణముగా నిలిచి, తెలుగువారిని తన పౌరులుగా చేసికొన్నది యానాము.

యానాము ఉనికిని చెప్పెదను. గోదావరి ధవళేశ్వరము దిగువను చీలి, దాని తూర్పుపాయ గౌతమియై సముద్రమునకు పోవుచున్నది. ఆ గౌతమినుండి కోరంగి యేరు విడిపోవు తావున యానామున్నది. కాకినాడకు ముప్పది కిలోమీటరుల లోపు దూరము. విస్తీర్ణము ముప్పది చదరపు కిలోమీటరులకు మించదు. 2011 జనాభా లెక్కల ప్రకారము అచ్చటి జనులు 55,626 మంది. చుట్టును తెలుగు గ్రామములే. పొలములు, కొబ్బరితోటలు, చేపలపట్లు అన్నియు పొరుగు గ్రామములవంటివే. ఊరివారి మాటయు తెలుగే. శతావధాని చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు బాల్యమున ఆ యూర పెరిగినవారే.

ఫ్రెంచివారు 1723లో మొదట అచ్చటికి వచ్చిరి. కొన్నాళ్ళకు లాభము లేదని విడిచిపోయి, తిరిగి వచ్చి స్థిరపడిరి. ఐరోపాలో ఫ్రెంచివారికిని ఇంగ్లీషువారికిని యుద్ధము వచ్చినప్పుడెల్ల యానాము చేతులు మారుచుండెను. అచ్చటి రైతు తెల్లవారి లేచునప్పటికి తన పొలము వేరొక రాజుక్రింద నుండెడిది. తుదకు 1814 నాటి పారిసు సంధి ననుసరించి ఆ యూరు ఫ్రెంచివారికి మరల దక్కినది. అటుపిమ్మట ఎనిమిది వందల కిలోమీటరులకు పైబడిన దూరమున నున్న పుదుచ్చేరి గవర్నరు క్రింద యానాము నడచెను.

ఈ యెల్ల వలన యానాము వారికి కొన్ని మేళ్ళును కలిగినవి. ఫ్రెంచి ఇండియా ప్రజలు పారిసులోని శాసనసభకు తమ ప్రతినిధి నెన్నుకొనుచుండిరి. ఇంగ్లీషుగట్టున పెద్ద భూస్వామికైనను ఓటు లేని దినములలో, ఫ్రెంచిగట్టున సామాన్యుడగు తెలుగువానికి ఓటుండెడిది. హిందువుల ఆచారవ్యవహారములను వారి శాస్త్రముల కొలదిని నడువనిత్తుమని ఫ్రెంచివారు మాట యిచ్చిరి. వివాహము, వారసత్వము మొదలగు విషయములలో ఆ మాట చాలవరకు చెల్లినది. ఈ చివరి సంగతిని జ్ఞప్తియందుంచుకొనుడు. మన కథకు మూలమదియే.

ఇక నింగ్లీషుగట్టు సంగతి. అజమీరుకు చెందిన హరవిలాస శారదాగారు కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టిన బాల్యవివాహ నిరోధక శాసనము 1929లో చట్టమయ్యెను. జనులు దానిని శారదా చట్టమనిరి. బాలికకు 14, బాలునకు 18 యేండ్లు నిండకుండ పెండ్లి చేయరాదని దాని విధి. చేసినవారికి వేయిరూపాయల వరకు జుల్మానాయు, నొక నెల వరకు కారాగారమును శిక్ష. ఆ చట్టము 1930 ఏప్రిల్ 1వ తేదీ నుండి యమలులోనికి వచ్చెను. చట్టమైన నాటికిని, అమలైన నాటికిని నడుమ ఆరునెలల గడువుండుటచే, ఆ ఆరునెలలలో దేశమంతటను పసిపిల్లల పెండ్లిండ్లు ముమ్మరముగా జరిగినవి. 1931 జనాభా లెక్కలలో బాలభార్యల సంఖ్య పెరుగుటకు అదియొక కారణమైనది.

గడువు దాటిన తరువాత నేమి చేయవలెను? చట్టము బ్రిటిషు ఇండియా యెల్లవరకే గదా. యానాములో నది చెల్లదు. కనుక పెండ్లివారు యానామునకు ప్రయాణమైరి. కోనసీమవారు యెదుర్లంక రేవున పడవ లెక్కిరి. కాకినాడవైపు వారు కోరంగి దారిని బండ్లమీదను మోటారులమీదను పోయిరి. దూరజిల్లాలవారు రైలులో వచ్చిరి. ముహూర్తపు దినములలో ఆ చిన్న యూర మేళతాళములు మ్రోగుచునే యుండెడివి. యానామునకు కల్యాణపురమను పేరు వచ్చినది. పేరు వినుటకు సొంపుగానున్నది. ఆ పేరు వెనుక నేమున్నదో మా యింట నేను విన్నంతవరకు చెప్పెదను.

మా తండ్రిగారి మేనత్తకు పెండ్లి జరిగినది యానాములోనే. అప్పుడామెకు ఎనిమిదవ యేడు. వరుడు కోనసీమవాడు, పదునాలుగేండ్లవాడు. పెండ్లికూతురివారు రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో బండి మారి, బెజవాడమీదుగా రాజమహేంద్రవరము చేరి, అచ్చటినుండి కాలువ పడవలో కోనసీమకు పోయిరట. పిమ్మట ఉభయపక్షముల వారును గౌతమి దాటిరి. మా చిన్నతనమున ఆమెను ఆ పెండ్లి ముచ్చట చెప్పుమని మేము వేధించెడివారము. ఆమెకు జ్ఞాపకమున్నవి మూడే మూడు సంగతులు. పడవ యంచున కూర్చుండి నీళ్ళలో చేయి పెట్టినందులకు తల్లి వీపుమీద చరచుట ఒకటి. రేవున ఎర్రటోపీ పెట్టుకొన్న పోలీసువాడు తనను చూచి నవ్వుట రెండవది. తలంబ్రాలవేళ తాను నిద్రపోయి, మేనమామ భుజముమీద నుండగానే ఎవరో తన చేతులు పట్టి బియ్యము పోయించుట మూడవది. వరుని మొగము ఆమెకు జ్ఞాపకము లేదు.

ఆ పిల్లవాడు మూడేండ్ల తరువాత విషజ్వరమున పోయెను. ఆమె అత్తవారింటికి కాపురమునకు పోనేలేదు. పోకుండగనే వైధవ్యము వచ్చెను. పదునొకండేండ్ల నాట పసుపుకుంకుమలు విడిచి, పుట్టింటనే వంటయిల్లును, గొడ్లసావిడియు, అన్నదమ్ముల బిడ్డలును లోకముగా అరువది యేండ్లకు పైగా బ్రదికినది. మమ్ముల నెత్తి పెంచినది ఆమెయే. ఆమె యెవరిని నిందించుట నేను వినలేదు. అయితే మా యింట పెండ్లిమాట వచ్చినప్పుడెల్ల ఆమె యడుగు మొదటి ప్రశ్న యొకటి యుండెడిది: "పిల్లకు ఊహ తెలిసినదిటరా?" సంబంధమెట్టిది, కట్నమెంత, జాతకములు కలిసినవా యని మేమందరమును అడుగుచుండగా ఆమె యిదొక్కటే యడిగెడిది.

ఆమె తండ్రి దుష్టుడు గాడు. ఊరిలో పెద్దమనిషి. నలుగురి తగవులు తీర్చినవాడు. ఆనాటి వారు చెప్పిన హేతువులను మనము తేలికగా త్రోసివేయరాదు. పిల్ల రజస్వల కాకమునుపే కన్యాదానము చేయవలెనని వారు శాస్త్రమని నమ్మినారు. చేయనివానిని కులములో వెలివేసెడివారు. పైగా చట్టము చేసినది పరప్రభుత్వము. మన యింటి పెండ్లిలో తెల్లదొరకేమి పని యను మాటలో కొంత స్వాభిమానమును గలదు. ఈ హేతువులన్నియు నిజమే యనుకొందము. అయినను ఒక్క సంగతి మిగిలియున్నది. ఆ హేతువుల నన్నిటిని ఎఱిగినవారు పెద్దలు. వాని ఫలమును మోసినది మాత్రము ఏ హేతువు నెఱుగని ఎనిమిదేండ్ల పిల్ల. వేయిరూపాయల జుల్మానా తండ్రికి తప్పినది. బిడ్డకు తప్పవలసినది తప్పలేదు. గౌతమి దాటుటచే తప్పించుకొనగలిగినది శిక్షను మాత్రమే.

పరప్రభుత్వపు చట్టమును ధిక్కరించుటకై యెల్ల దాటుట మన ప్రాంతమున మరియొక విధముగా కూడ జరిగినది. ఆనాడు బాపట్ల తాలూకాలో చేరియున్న చీరాల పేరాలల ముచ్చట మీకు తెలియును. ఆ రెండు గ్రామములను కలిపి ప్రభుత్వమువారు మునిసిపాలిటీ చేసి, పేదనేతగాండ్రు మోయలేని పన్నులు వేసిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున 1921లో పదమూడు వేలమందికి పైగా జనులు ఇండ్లు వాకిండ్లు విడిచి, మునిసిపాలిటీ యెల్ల వెలుపల పందిళ్ళు పాకలు వేసికొని, ఆ క్రొత్త యూరికి రామనగరమని పేరిడి, ఎండలకు వానలకు నోర్చి పది నెలలకు పైగా కాపురముండిరి. గోపాలకృష్ణయ్యగారు చెఱకు పోయిరి. మునిసిపాలిటీ వెంటనే రద్దుగాక, జనులు తుదకు తిరిగి యిండ్లకు రావలసివచ్చెను. అయినను చీరాల పేరు దేశమంతట వినబడెను.

ఈ రెండు ప్రయాణములను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. రెండును చట్టపు టెల్లను దాటినవే. రెండును పరప్రభుత్వమును కాదన్నవే. చీరాలవారు పట్టపగలు, అందరును చూచుచుండగా, తాము చేయుచున్నదేమో చెప్పి మరీ దాటిరి. దాటినందువలన వచ్చిన కష్టమును తామే పడిరి. యానాము పోయినవారు చుట్టపుచూపుగా పోయినట్లు పోయి, పని ముగించుకొని తిరిగి వచ్చి, చట్టమున్న గట్టుననే మునుపటివలె కాపురము చేసిరి. కష్టము మాత్రము పసిబిడ్డలకు వదలిరి. ఎల్ల దాటినవాని ధర్మమును తూచుటకు ఇదియే తూనికరాయి యని నా తలంపు: దాటినందులకు వెల యెవరు చెల్లించిరి?

గోదావరినే తీసికొని మరియొక సంగతి చెప్పవలెను. యానామునకు ఎగువను, ఇదే యేటి యొడ్డున, రాజమహేంద్రవరమున్నది. అచ్చట కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఆ పెండ్లి చట్టమునకు వెలియైనది గాదు. వితంతువులు మరల పెండ్లాడవచ్చునని 1856లోనే చట్టమైనది. చట్టమున్నను ఇరువదియైదేండ్లు తెలుగుదేశమున దానిని వాడుకొన్నవారు లేకపోయిరి. పంతులుగారు వెలికిని, అభియోగములకును, బంధువుల విరోధమునకును ఓర్చి దానిని వాడుకలోనికి తెచ్చిరి. ఎగువను ఒక మనుష్యుడు చట్టమునకు ప్రాణము పోయుటకు తన సుఖమును పణముగా నొడ్డెను. అరువది మైళ్ళు దాటని దిగువను, ఏబదియేండ్ల తరువాత, చట్టమునుండి తప్పించుకొనుటకు పెండ్లివారు పడవలు కట్టించుకొనిరి. రెండు రేవులను తడిపిన నీరొక్కటే.

శారదా చట్టములో లోపములు లేకపోలేదు. పిర్యాదు చేయువాడు ముందుగా నూరు రూపాయలవరకు హామీపత్రము వ్రాసి యీయవలసివచ్చెడిది. పెండ్లి జరిగిన యేడాదిలోపల పిర్యాదు చేయకున్న అది చెల్లకపోయెడిది. పొరుగువానిమీద పిర్యాదు చేసి, నూరు రూపాయలకు పూచీపడి, ఊరిలో పగ తెచ్చుకొనువాడెవడు? 1938లో చేసిన సవరణచే, జరుగబోవు పెండ్లిని ముందుగానే ఆపుటకు మేజిస్ట్రేటునకు అధికారము వచ్చినది. 1949లో బాలిక వయస్సును 15కును, 1978లో బాలిక వయస్సును 18కిని బాలుని వయస్సును 21కిని పెంచిరి.

యానాము యెల్ల కూడ కాలగర్భమున కలిసినది. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన తరువాతను ఏడేండ్లవరకు అచ్చట ఫ్రెంచి జెండా యెగురుచునే యుండెను. దడాల రఫేల్ రమణయ్యగారు మొదలగువారి నాయకత్వమున 1954 జూన్ 13వ తేదీన జాతీయవాదులు యానామును స్వాధీనము చేసికొనిరి. ఆ సంవత్సరము నవంబరు 1న ఫ్రెంచి ఇండియా పరిపాలనము భారత ప్రభుత్వమునకు సంక్రమించెను. సంధిపత్రముపై 1956లో సంతకములైనను, ఫ్రాన్సు దానిని ఆమోదించి శాసనరీత్యా అప్పగించినది 1962 ఆగస్టు 16న. నేడు యానాము పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములో నొక జిల్లా. యెదుర్లంకకును యానామునకును నడుమ గౌతమిమీద వంతెన యున్నది. దానికి లోకసభాపతిగా నుండి 2002లో మృతినొందిన జి. ఎం. సి. బాలయోగిగారి పేరు పెట్టిరి. పన్నుల భేదముచేత కొన్ని వస్తువుల ధరలలో తేడాలుండుటయే ఆ పాత యెల్లకు మిగిలిన గుర్తు. బాల్యవివాహమును నిషేధించు చట్టము నేడు ఏటి కిరుదరులను ఒక్కటే.

అయిననేమి? రేవు పోయినది గాని దాటుట పోలేదు. 2019-21 నడుమ భారత ప్రభుత్వము జరిపించిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనమును చూచినచో, మన ఆంధ్రప్రదేశములో 20 మొదలు 24 యేండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 29.3 మందికి పదునెనిమిదేండ్లు నిండకమునుపే పెండ్లియైనది. దేశమునకంతకును కలిపి ఆ లెక్క 23.3 మాత్రమే. ఎనిమిదేండ్ల పెండ్లిండ్లు పోయినవి, నిజమే. పదునైదు పదునారేండ్ల పెండ్లిండ్లు నిలిచియున్నవి. పడవలు లేవు గాని యానాములు ప్రతి యూరను వెలసినవి. కాగితముమీద పుట్టినతేదీ మార్చుట యొక యానాము. తెల్లవారుజామున ఏదో గుడిలో తాళి కట్టించుట యొక యానాము. మన యూర నెవరైన నడ్డుదురేమోయని పొరుగుజిల్లా బంధువుల యింట పెండ్లి జరుపుట యొక యానాము.

ఇప్పటి తండ్రులకును హేతువులున్నవి. పదవతరగతి ముగిసిన పిల్లకు పై చదువు పొరుగూర నున్నది; బస్సులేదు. కూలికి దూరదేశము పోవలెను. ఎదిగిన పిల్ల నెవరికి అప్పగించి పోవుదుము? వయస్సు పెరిగినకొలది కట్నము పెరుగును. పిల్ల యెవరినైన ప్రేమించెనని లోకులాడుకొందురేమో. ఇవి కల్పితములైన భయములు గావు. చట్టము చూపి బెదరించిన మాత్రమున ఈ భయములు పోవు. బస్సులేని యూరికి బస్సు తెప్పించుట, ఆడపిల్లల వసతిగృహములో చోటు అడిగి యిప్పించుట, కూలికి పోవువారి బిడ్డకు ఊరిలో నొక పెద్దదిక్కుగా నిలుచుట, వదంతులు పుట్టించువాని నోరు మూయించుట పెద్దలు చేయదగిన పనులు. అందుకనియే ఈ మాట నేను పెద్దలతో చెప్పుచున్నాను.

చట్టమేమి చెప్పుచున్నదో కూడ ఎఱుగుట మంచిది. 2006లో చేసిన బాల్యవివాహ నిషేధ చట్టము నేడమలులో నున్నది. బాలిక పెండ్లికి 18, బాలుని పెండ్లికి 21 యేండ్లు నిండవలెను. మైనరు పెండ్లి జరిపించినవారికిని, ప్రోత్సహించినవారికిని, అశ్రద్ధచే ఆపక యుపేక్షించిన తల్లిదండ్రులకును, తెలిసి ఆ పెండ్లికి హాజరైనవారికిని రెండేండ్లవరకు కఠినకారాగారమును, లక్ష రూపాయలవరకు జుల్మానాయు శిక్ష. స్త్రీలకు కారాగారము లేదు, జుల్మానా గలదు. అనగా అక్షతలు వేయవచ్చిన పెద్దమనిషియు బాధ్యుడే. పూర్వపు చట్టములో వలె పిర్యాదుకు హామీపత్రముల గొడవ లేదు. పోలీసువారు తామే కేసు పెట్టవచ్చును. బాల్యమున పెండ్లియైనవారు, మైనారిటీ తీరిన పిమ్మట రెండేండ్లలోపల, జిల్లా కోర్టులో నడిగి ఆ పెండ్లిని రద్దు చేయించుకొనవచ్చును. అట్లు రద్దైనను, పుట్టిన బిడ్డలు ధర్మసంతానముగానే యెంచబడుదురు. పిల్లల సహాయమునకై 1098 అను టెలిఫోను నెంబరు రాత్రింబగళ్ళు పనిచేయుచున్నది. దానికి రుసుము లేదు.

శుభలేఖ మీ చేతికి వచ్చినప్పుడు మీరు చేయదగిన చిన్న పని యొకటి యున్నది. తిథివార నక్షత్రములు చూచుటకు ముందు, పెండ్లికూతురు ఏ తరగతి చదువుచున్నదని యడుగుడు. బడిలోని రిజిస్టరులో వయస్సు దొరకును. లెక్క కుదరకున్న ఆ తండ్రిని నలుగురిలో నవమానింపక, ఒంటరిగా పిలిచి, కాలము వేచియుండుమని చెప్పుడు. అతని కష్టమేమో విని, తీర్పగలిగినంతవరకు తీర్చుడు. ఊరిలో మీ మాటకు విలువ యున్నది. "మీరు రానిచో ముహూర్తము పెట్టుకొనము" అనునంతటి గౌరవము మీయందు జనులకు గలదు. ఆనాడు మా తండ్రిగారి మేనత్త పెండ్లికి రేపల్లె స్టేషనులో రైలెక్కినవారు పాతికమంది పెద్దలట. వారిలో నొక్కరైనను "నేను రాను" అనియుండినచో ఆ ప్రయాణము నిలిచెడిదో లేదో చెప్పజాలను. కాని యడిగినవాడొకడుండెనని ఆ పిల్లకు తరువాతనైన తెలిసియుండెడిది. అంతటి మాత్రపు టాదరువును కూడ మన మామెకు మిగుల్పలేదు.

గౌతమిమీద పడవలు తెచ్చిన పెండ్లిబృందములు పోయినవి. ఎర్రటోపీ పోలీసులును, కల్యాణపురమను పేరును కథలలో మాత్రము మిగిలినవి. మన యిండ్లలో పదునైదేండ్ల పిల్లలు నేడును పుస్తకములు ముందు పెట్టుకొని కూర్చుండియున్నారు. వారిని మరి మూడేండ్లు అట్లే కూర్చుండనిండు.